జ్వరం తగ్గినా అప్పు తగ్గదు.. మన్యంలో మలేరియా పేద ఇంటినే ఎందుకు పట్టుకుంటోంది? 2027 టార్గెట్ సాధ్యమేనా?

దోమకు పేద, ధనిక తేడా ఉండదని అందరూ అంటుంటారు. కుట్టే వరకూ అయితే అది నిజమే. కానీ కుట్టిన తర్వాత ఎవరికి జ్వరం ముదురుతుంది, ఎవరు ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్తారు, ఎవరి ఇంట్లో అప్పు మిగులుతుంది అని చూస్తే కథ పూర్తిగా మారిపోతుంది. దేశంలో మలేరియా కేసులు గణనీయంగా తగ్గాయి. ఇది నిజంగానే పెద్ద విజయం. అయితే మిగిలిన కేసులు ఎక్కడ ఉన్నాయో మ్యాప్ మీద చూస్తే అడవులు, కొండలు, రోడ్డు లేని గూడేలు, మట్టి గోడల ఇళ్లే కనిపిస్తాయి. 2027 నాటికి దేశంలో స్థానికంగా ఒక్క మలేరియా కేసు కూడా పుట్టకూడదని, 2030 కల్లా పూర్తిగా నిర్మూలించాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. మరి ఆ లక్ష్యానికి అడ్డుపడుతున్నది దోమేనా? లేక పేదరికమా? వివరంగా చూద్దాం.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ముందుగా మంచి వార్త. కేంద్ర ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారం 2015లో దేశవ్యాప్తంగా 11.69 లక్షల మలేరియా కేసులు నమోదయ్యాయి. 2023కి అవి 2.27 లక్షలకు దిగొచ్చాయి. మరణాలు 384 నుంచి 83కి తగ్గాయి. ఈ ప్రగతి వల్లే మలేరియా భారం అత్యంత ఎక్కువగా ఉన్న దేశాల గ్రూపు నుంచి 2024లో భారత్ బయటకొచ్చింది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మన దేశంలో దాదాపు 20 లక్షల కేసులు, 3,500 మరణాలు ఉండొచ్చు. అంటే సర్కారు రికార్డుల్లో ఉన్నదానికీ, అంచనాకూ మధ్య దాదాపు తొమ్మిది రెట్ల తేడా. ఎందుకింత గ్యాప్? ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నవాళ్లు, మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కొనుక్కున్నవాళ్లు, ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లోనే దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లు.. వీళ్లెవరూ ప్రభుత్వ రిజిస్టర్‌లోకి ఎక్కరు. పైగా ఇలా లెక్కలోకి రానివాళ్లలో ఎక్కువ మంది పేదలే.

ఇది కొత్త సమస్యేం కాదు. 2010లో లాన్సెట్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం, దేశంలో 70 ఏళ్ల లోపు వారిలో ఏటా సుమారు 2 లక్షల మలేరియా మరణాలు ఉండొచ్చని చెప్పి సంచలనం రేపింది. చనిపోయినవారి కుటుంబాలతో మాట్లాడి వేసిన అంచనా అది. ఆ సంఖ్యను ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండూ ఒప్పుకోలేదు. సంఖ్య మీద వివాదం ఉన్నా, అందులోని ఇంకో విషయం మాత్రం ఆలోచింపజేస్తుంది. ఆ మరణాల్లో 90 శాతం పల్లెల్లోనే, 86 శాతం ఏ ఆస్పత్రిలోనూ కాకుండా జరిగాయన్నది ఆ అధ్యయనం చెప్పిన మాట.

ఇక గిరిజన ఆరోగ్యంపై కేంద్రం నియమించిన నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన రిపోర్ట్ మరీ సూటిగా ఉంది. జనాభాలో గిరిజనులు 8.6 శాతమే. కానీ దేశంలోని మలేరియా కేసుల్లో 30 శాతం, ప్రమాదకరమైన ఫాల్సిపేరం రకం కేసుల్లో 60 శాతానికి పైగా, మలేరియా మరణాల్లో దాదాపు సగం వాళ్లవే. జనాభాలో పదకొండో వంతు కూడా లేనివాళ్ల ఇళ్లలోనే సగం చావులు! దోమ అందరినీ సమానంగా చూస్తే ఈ లెక్క ఎలా వస్తుంది?

దోమ ఒకటే.. ఇళ్లు వేరు

మలేరియాను వ్యాపింపజేసేది ఆడ అనాఫిలిస్ దోమ. మైదాన పల్లెల్లో క్యులిసిఫేసిస్ అనే జాతి, తూర్పు కనుమల కొండవాగుల దగ్గర ఫ్లువియాటిలిస్ అనే జాతి ప్రధానంగా ఈ పని చేస్తాయి. ఫ్లువియాటిలిస్‌కు నెమ్మదిగా పారే శుభ్రమైన వాగు నీళ్లు చాలు. మురుగు కాల్వ అవసరమే లేదు. కాబట్టి "శుభ్రత పాటించక జ్వరాలు తెచ్చుకుంటున్నారు" అని గిరిజనుల మీద వేసే నింద ఇక్కడ అసలు నిలబడదు. వాగు ఒడ్డున ఊరు ఉండటమే కారణం. తాగడానికి ఆ వాగు తప్ప వేరే నీళ్లు లేకపోతే ఊరు అక్కడే ఉంటుంది కదా!

ఈ దోమలు సాయంత్రం నుంచి తెల్లవారే లోపు కుడతాయి. ఆ టైమ్‌లో మనిషి ఎక్కడ పడుకున్నాడన్నదే అసలు పాయింట్. పట్టణంలో సిమెంటు గోడలు, కిటికీలకు మెష్, ఫ్యాన్ ఉంటాయి. కొండ మీద ఇంటికి మట్టి గోడలో, వెదురు తడికలో ఉంటాయి. గోడకూ, కప్పుకూ మధ్య జానెడు సందు ఉంటుంది. పక్కనే పశువుల పాక. దోమ లోపలికి రావడానికి అడ్డేమీ లేదు. మంచి ఇళ్లలో ఉండేవారికి, సంప్రదాయ మట్టి ఇళ్లలో ఉండేవారితో పోలిస్తే మలేరియా సోకే అవకాశం దాదాపు సగం తక్కువని 2015లో వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. అంటే పక్కా ఇల్లు కూడా ఒక రకంగా మలేరియా మందే అన్నమాట.

మరి ప్రభుత్వం ఇళ్లలో మందు కొడుతోంది కదా అంటారా? కొడుతోంది. స్ప్రే చేసిన గోడ మీద వాలిన దోమ చనిపోవాలన్నది ఐడియా. కానీ మట్టి గోడ మందును పీల్చేస్తుంది. పండగ వచ్చిందంటే గోడలకు మళ్లీ మట్టి, పేడ కలిపి అలుకుతారు. దాంతో మందు మొత్తం ఆ పూత కిందకు పోతుంది. సిమెంటు గోడ ఉన్నవాళ్లకు ఈ సమస్య లేదు.

ఇంకో విషయం. పోడు చేలలో పంట చేతికొచ్చే వేళ అడవి పందులు, కోతుల నుంచి కాపాడుకోవడానికి రాత్రిళ్లు మంచె మీదో, చేలో వేసిన చిన్న పాకలోనో పడుకుంటారు. ఇంట్లో దోమతెర ఉన్నా చేలో ఉండదు కదా. తెర ఒక్కటే ఉంటే అది ఇంటి దగ్గర పిల్లల మీద కప్పుతారు. చేను కాపలాకు వెళ్లిన మనిషి దోమలకు దొరికిపోతాడు.

జ్వరం సీజన్.. పనుల సీజన్.. రెండూ ఒకటే!

ఇక్కడే అసలు దెబ్బ. తూర్పు కనుమల్లో మలేరియా ఎక్కువగా పెరిగేది వానాకాలంలో, అంటే జూన్ నుంచి అక్టోబర్ దాకా. రైతు కూలీకి ఏడాదిలో అతి ముఖ్యమైన నెలలు కూడా సరిగ్గా అవే. దుక్కి, విత్తనం, నాట్లు, కలుపు.. అన్నీ ఆ టైమ్‌లోనే. పాత పంట తిండిగింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా రాని ఆకలి నెలలు కూడా అవే. వాగులు పొంగి దారులు మూసుకుపోయే నెలలూ అవే.

అంటే చేతిలో డబ్బు లేదు, ఇంట్లో గింజల్లేవు, పని మాత్రం ఆగకూడదు, రోడ్డు లేదు. ఈ నాలుగూ కలిసొచ్చిన సమయంలోనే జ్వరం తలుపు తడుతుంది. వేసవిలో వారం రోజులు మంచం పట్టడం వేరు, నాట్లప్పుడు వారం పడిపోవడం వేరు. నాట్లు వారం ఆలస్యమైతే దిగుబడి తగ్గొచ్చు, కలుపు ముదిరిపోవచ్చు. ఆ నష్టం ఏ ఆస్పత్రి బిల్లులోనూ కనిపించదు. దాని ఎఫెక్ట్ మాత్రం వచ్చే ఏడాది దాకా ఉంటుంది.

వైద్యం ఫ్రీ.. మరి ఖర్చెక్కడ?

ప్రభుత్వ ఆస్పత్రిలో మలేరియా టెస్ట్ ఫ్రీ. మందులూ ఫ్రీ. ఆశా కార్యకర్త దగ్గరే ర్యాపిడ్ కిట్ ఉంటుంది. ఇంక పేదవాడికి ఖర్చేంటి అని చాలామంది అడుగుతారు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే.

ఇంట్లో సంపాదించే మనిషికి జ్వరం వచ్చింది. జ్వరం, ఆ తర్వాత నీరసం కలిపి ఏడు రోజులు పనికి వెళ్లలేదు. తోడుగా ఇంకొకరు మూడు రోజులు పని మానుకున్నారు. మొత్తం పది పనిదినాలు పోయాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2025-26కి ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. ఆ రేటుతో చూసినా 3,070 రూపాయలు పోయినట్టే. దీనికి ఆటో చార్జీలు, బయట తిండి, ముందుగా ఆర్‌ఎంపీకి ఇచ్చిన డబ్బు కలపాలి. ఇంట్లో ఇద్దరికి జ్వరం వస్తే ఈ లెక్క రెట్టింపవుతుంది. మలేరియా ఉన్న ఊళ్లో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పడిపోవడం వింతేమీ కాదు.

మరి ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? నెల జీతం ఉన్నవాడికి సిక్ లీవ్ ఉంటుంది. కూలీకి ఉండదు. కాబట్టి కోడినో, మేకనో సంతకు తోలతారు. అదీ లేకపోతే అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 5 వేలు తెచ్చారనుకుందాం. నెలకు 150, ఏడాదికి 1,800 వడ్డీకే పోతుంది. పంట వచ్చాక ఇస్తామని మాటిచ్చి అప్పు తెస్తే, ఆ పంటను అప్పిచ్చినవాడికే, అతను చెప్పిన రేటుకే ఇవ్వాల్సి రావచ్చు. జ్వరం పది రోజుల్లో పోతుంది. అప్పు మాత్రం ఏడాదంతా ఇంట్లోనే కూర్చుంటుంది.

ఇక దూరం సంగతి. రోడ్డు లేని గూడెం నుంచి రోగిని డోలీ కట్టి మోసుకొచ్చే దృశ్యాలు మనం తరచూ చూస్తూనే ఉన్నాం. డోలీ మోయడానికి నలుగురు కావాలి. అంటే నలుగురి కూలీ కూడా పోయినట్టే. అందుకే చాలా ఇళ్లలో "రేపటికి తగ్గుతుందేమో చూద్దాం" అని ఆగుతారు. ఫాల్సిపేరం మలేరియాలో ఆ ఒక్క రోజే ప్రాణం మీదకు తేవచ్చు. జ్వరం మొదలైన 24 గంటల్లోపు టెస్ట్, ట్రీట్‌మెంట్ అందాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే. బయటి నుంచి చూసినవాళ్లు దీన్ని నిర్లక్ష్యం అంటారు. ఇంట్లోవాళ్లకు అది చేతిలో డబ్బుల్లేక వేసుకున్న లెక్క.

మాత్రలు మధ్యలో ఎందుకు ఆపేస్తారు?

మలేరియాలో మన దగ్గర ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ఫాల్సిపేరం. మెదడుకు ఎక్కే అవకాశం ఉన్నది ఇదే. దీనికి ఏసీటీ అనే మందుల కాంబినేషన్ మూడు రోజులు వాడాలి. రెండోది వైవాక్స్. దీనికి క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. వైవాక్స్ పరాన్నజీవి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపడానికే ఆ 14 రోజుల కోర్సు.

కానీ మూడో రోజుకే జ్వరం తగ్గిపోతుంది. ఒళ్లు తేలికపడగానే మనిషి చేనుకు పోతాడు. మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి. ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. ఆకలి నెలల్లో కడుపు నిండా తిని మాత్ర వేసుకోమంటే ఎలా? కొందరు మిగిలిన మాత్రలు దాచిపెడతారు, ఇంకొకరికి జ్వరం వస్తే పనికొస్తాయని. ఫలితం ఏంటంటే కొన్ని నెలలకు అదే మనిషికి మళ్లీ జ్వరం, మళ్లీ పని నష్టం, మళ్లీ అప్పు. అతని నుంచి దోమ ద్వారా పక్కింటికి కూడా పాకుతుంది.

లక్షణాలు లేకుండా ఒంట్లో పరాన్నజీవిని మోస్తున్నవాళ్లు ఇంకో సమస్య. ఏళ్ల తరబడి మలేరియా మధ్యే బతికిన వారికి కొంత రోగనిరోధక శక్తి వస్తుంది. వాళ్లకు జ్వరం రాదు, కాబట్టి టెస్ట్ చేయించుకోరు. కానీ దోమకు మాత్రం సోర్స్ వాళ్లే. ఒంట్లో జ్వరం లేనప్పుడు కూలీ మానుకుని టెస్ట్ కోసం పది కిలోమీటర్లు ఎవరు నడుస్తారు? టెస్టే ఇంటికి రావాలి.

పిల్లలు, గర్భిణుల సంగతేంటి?

మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. అంటే ప్రతి జ్వరమూ రక్తహీనతను పెంచుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఇప్పటికే 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దాని మీద మలేరియా పడితే పరిస్థితి ఊహించుకోవచ్చు. గర్భిణికి వస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది. పైగా గర్భిణులకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. కాబట్టి వారికి ట్రీట్‌మెంట్ కూడా జాగ్రత్తగా చేయాలి.

పిల్లల విషయంలో దెబ్బ నెమ్మదిగా తగులుతుంది. తరచూ జ్వరం వచ్చే పిల్లాడు స్కూల్ మానేస్తాడు. రక్తం తక్కువై క్లాసులో కూర్చున్నా మనసు పెట్టలేడు. ఇంట్లో పెద్దవాళ్లకు జ్వరం వస్తే చిన్నవాళ్లను చూసుకోవడానికి పెద్దమ్మాయి బడి మానేస్తుంది. మలేరియా వచ్చింది తండ్రికి, చదువు పోయింది కూతురికి. ఏ హెల్త్ రిపోర్ట్‌లోనూ ఇది కేసుగా నమోదు కాదు.

పేదరికం వల్ల మలేరియానా? మలేరియా వల్ల పేదరికమా?

ఆర్థికవేత్తల మధ్య దీనిపై చాలాకాలంగా చర్చ నడుస్తోంది. మలేరియా తీవ్రంగా ఉన్న దేశాల్లో తలసరి ఆదాయ వృద్ధి మిగతా దేశాల కంటే ఏడాదికి 1.3 శాతం తక్కువగా ఉందని 2001లో జాన్ గాలప్, జెఫ్రీ సాక్స్ లెక్కగట్టారు. ఈ లెక్కన మలేరియాను తరిమితే సంపద దానంతట అదే వస్తుందా? అంత సింపుల్ కాదు.

మన దేశం అనుభవమే చూడండి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. డీడీటీ స్ప్రేతో కేసులు అనూహ్యంగా పడిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా 7.5 కోట్ల కేసులు ఉన్నాయన్నది అప్పటి అంచనా. 1960ల మధ్య నాటికి అవి లక్ష స్థాయికి దిగాయి. ఆ కాలంలో పుట్టిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారని 2010లో కొందరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. మగవారి కుటుంబాల వినియోగ ఖర్చులో ఓ మోస్తరు మెరుగుదల కనిపించింది. మగవారి చదువులో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు. అంటే మలేరియా పోతే మేలు జరుగుతుంది, కానీ స్కూలు, భూమి, రోడ్డు, పని లేకపోతే ఆ మేలు సగంలోనే ఆగిపోతుంది.

రెండో దిక్కు నుంచి చూస్తే, ఒకే ఊళ్లో అత్యంత పేద పిల్లలకు, కాస్త ఉన్నవాళ్ల పిల్లలతో పోలిస్తే మలేరియా సోకే అవకాశం రెట్టింపు ఉందని 2013లో లాన్సెట్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. అదే ఊరు, అవే దోమలు. తేడా ఇంట్లోనే ఉంది. ఆఫ్రికాలో మరో వింత కనిపించింది. కొత్తగా సాగునీరు వచ్చి వరి పండే ఊళ్లలో దోమలు పెరిగాయి, కానీ చాలాచోట్ల మలేరియా పెరగలేదు. వరి వల్ల ఆదాయం వచ్చింది, ఆ ఆదాయంతో దోమతెరలు, మందులు వచ్చాయి, ఇళ్లు బాగుపడ్డాయన్నది పరిశోధకులు చెప్పిన ఒక ముఖ్య కారణం.

కాబట్టి జవాబు ఏంటంటే.. రెండూ నిజమే. పేదరికం మలేరియాను లోపలికి రానిస్తుంది. మలేరియా పేదరికాన్ని బయటకు పోనివ్వదు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట విరగ్గొట్టాలి.

దోమతెర అమ్మాలా? ఫ్రీగా ఇవ్వాలా?

"ఫ్రీగా ఇస్తే విలువ ఉండదు, చేపలు పట్టడానికి వాడతారు" అనే మాట చాలాసార్లు వింటుంటాం. కొంతమేర అలా జరిగి ఉండొచ్చు. కానీ పరిశోధన ఏం చెబుతోంది? కెన్యాలో గర్భిణులకు దోమతెరలు కొన్నిచోట్ల ఉచితంగా, కొన్నిచోట్ల చిన్న ధరకు ఇచ్చి చూశారు. ధర కేవలం 60 అమెరికన్ సెంట్లకు పెంచగానే తీసుకునేవారి సంఖ్య 60 శాతం పాయింట్లు పడిపోయింది. ఉచితంగా తీసుకున్నవాళ్లు వాడకంలో డబ్బు కట్టినవాళ్ల కంటే వెనకబడలేదు. 2010లో వచ్చిన ఈ ఫలితం ప్రపంచవ్యాప్తంగా చర్చను మార్చేసింది.

మన పొరుగున ఒడిశాలోనూ ఒక ప్రయోగం జరిగింది. చిన్న వాయిదాల అప్పు మీద దోమతెరలు అమ్మారు. సగానికి కాస్త ఎక్కువ కుటుంబాలు కొన్నాయి. అంటే పేదలకు తెర విలువ తెలుసు, ఒక్కసారే కట్టడానికి చేతిలో డబ్బే లేదు. అయితే మలేరియా తగ్గుదలపై ఫలితాలు మిశ్రమంగానే వచ్చాయి. మిగతా సగం ఇళ్లు బయటే ఉండిపోతే దోమకు దారి మిగిలినట్టే కదా. అందుకే ఊరంతా, ప్రతి పడకకూ తెర ఉండాలి. మందు పూసిన తెర జీవితకాలం సుమారు మూడేళ్లు. ఒకసారి పంచేసి ఫొటో దిగితే పని అయిపోదు. మూడేళ్లకోసారి మార్చాలి.

ఒడిశా ఏం చేసింది?

మన మన్యం పక్కనే ఉన్న ఒడిశా, ఒకప్పుడు దేశంలోనే మలేరియాకు అడ్డా. అక్కడి ప్రభుత్వం 2017లో దమన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. చేరుకోవడం కష్టమైన ఊళ్లకు వానలకు ముందూ తర్వాతా టీమ్‌లు వెళ్లి, జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ టెస్ట్ చేయడం, పాజిటివ్ వస్తే అక్కడే మందు మొదలుపెట్టడం దీని ప్రత్యేకత. దాంతోపాటే తెరలు, స్ప్రేయింగ్. 2016లో 4 లక్షలు దాటిన కేసులు 2019కి 40 వేల లోపుకు వచ్చాయి. ఛత్తీస్‌గఢ్ కూడా 2020 జనవరిలో బస్తర్‌లో ఇలాంటి కార్యక్రమమే మొదలుపెట్టింది.

ఈ మోడల్ ఎందుకు పని చేసింది? పేదవాడి మీద వేసిన ఖర్చును ప్రభుత్వం తన మీద వేసుకుంది. అతను నడవాల్సిన దూరం ఆరోగ్య సిబ్బంది నడిచారు. కానీ ఒడిశాలో ఆ తర్వాతి ఏళ్లలో కేసులు మళ్లీ పెరిగాయి కూడా. కాస్త పట్టు సడలితే మలేరియా తిరిగొస్తుందనడానికి ఇదే నిదర్శనం.

శ్రీలంకదీ ఇదే పాఠం. 1963లో అక్కడ కేసులు కేవలం 17. ఇక అయిపోయిందనుకుని పట్టు వదిలేస్తే 1960ల చివరికి లక్షల్లో వచ్చాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు పట్టుబట్టి, యుద్ధం మధ్యలోనూ ఆపకుండా పని చేసి, 2016లో మలేరియా లేని దేశంగా సర్టిఫికెట్ అందుకుంది. శ్రీలంక ధనిక దేశమేం కాదు. ఊరిదాకా వెళ్లే ఉచిత ప్రభుత్వ వైద్యం ఉంది. అంటే పేదరికం మొత్తం పోయేదాకా మలేరియా పోదు అనేది కూడా నిజం కాదు. మన దేశంలోనూ 1960ల్లో లక్షకు దిగిన కేసులు 1976కి 64 లక్షలకు చేరిన చరిత్ర మర్చిపోకూడదు.

2027కి ముందు ఏం చేయాలి?

చివరి మైలు ఎప్పుడూ ఖరీదైనదే. వెయ్యి కేసులున్న చోట పది తగ్గించడం సులువు. పది కేసులున్న కొండ మీద ఆ పదీ పట్టుకోవడం కష్టం. అందుకే కొన్ని విషయాలపై ఫోకస్ అవసరం.

మొదటిది.. జిల్లా సగటు లెక్క చాలదు. జిల్లా మొత్తం మీద కేసులు తక్కువ కనిపించొచ్చు, ఒక గూడెంలో ఇంటింటా జ్వరం ఉండొచ్చు. లెక్క ఊరి స్థాయిలో, గూడెం స్థాయిలో చూడాలి.

రెండోది.. వానలకు ముందే పని మొదలవ్వాలి. దోమతెరలు, కిట్లు, మందులు జూన్ కంటే ముందే ఆశా కార్యకర్త చేతికి చేరాలి. వాగు పొంగాక బయల్దేరితే లాభం లేదు. ఆశాలకు గౌరవంగా, టైమ్‌కు డబ్బులు అందాలి. ఈ మొత్తం యుద్ధంలో ముందు వరసలో ఉన్నది వాళ్లే.

మూడోది.. వలస కూలీలు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవుల నుంచి ఖమ్మం, గుంటూరు మిర్చి తోటలకు ఏటా వేల మంది వస్తారు. గుడారాల్లో, తోటల పక్కనే పడుకుంటారు. ఏ ఊరి రిజిస్టర్‌లోనూ వాళ్ల పేరు ఉండదు. మిర్చి కోతల టైమ్‌లో వాళ్ల దగ్గరకే వెళ్లి టెస్ట్ చేయాలి. రాష్ట్రాల సరిహద్దు దోమకు తెలియదు. ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఒకే టైమ్‌లో స్ప్రేయింగ్ చేయకపోతే ఒకవైపు చేసిన పని మరోవైపు వృథా.

నాలుగోది.. ఇల్లు, రోడ్డు. అత్యంత వెనకబడిన గిరిజన తెగల కోసం 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో పక్కా ఇళ్లు, రోడ్లు, మొబైల్ వైద్య బృందాలు ఉన్నాయి. వీటిని మలేరియా పనిలో భాగంగానే చూడాలి. ఇల్లు కట్టేటప్పుడే కప్పు సందులు మూసి, కిటికీలకు మెష్ బిగిస్తే ఏళ్ల తరబడి రక్షణ.

ఐదోది.. కూలీ నష్టానికి భరోసా. టీబీ రోగులకు పోషకాహారం కోసం నెలనెలా డబ్బు ఇస్తున్నట్టే, మలేరియా కోర్సు పూర్తి చేసే పేద కూలీకి ఆ రోజులకు కొంత సాయం, రేషన్ ఇస్తే ఎలా ఉంటుందో కనీసం ఒక సీజన్ పరీక్షించి చూడొచ్చు. 14 రోజుల మాత్రలు పూర్తవడానికి ఉపన్యాసాల కంటే అదే ఎక్కువ పని చేయొచ్చు.

డబ్బు సంగతి కూడా మర్చిపోకూడదు. 2023లో ప్రపంచవ్యాప్తంగా మలేరియాపై 830 కోట్ల డాలర్లు కావాల్సి ఉంటే, వచ్చింది దాదాపు 400 కోట్ల డాలర్లే. కేసులు తగ్గాక బడ్జెట్లు కూడా తగ్గించేయడం ప్రభుత్వాలకు అలవాటు. శ్రీలంకలో, మన దగ్గర మలేరియా తిరిగి రావడానికి కారణాల్లో అదొకటి.

మీ ఇంట్లో, మీ ఊళ్లో ఎవరికైనా చలితో జ్వరం వస్తే..

రెండో రోజుకు ఆగొద్దు. 24 గంటల్లోపు ఆశా కార్యకర్తనో, పీహెచ్‌సీనో కలిసి రక్త పరీక్ష చేయించండి. టెస్ట్, మందులు రెండూ ఫ్రీ. జ్వరం తగ్గినా కోర్సు మధ్యలో ఆపొద్దు. గర్భిణి అయితే ముందే చెప్పండి. పిల్లలు మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, తినకపోయినా, మూత్రం నల్లగా వచ్చినా వెంటనే పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మీ దగ్గర పనిచేసే కూలీకి జ్వరం వస్తే, ఆ రోజు కూలీ కోయకుండా పరీక్షకు పంపండి. ఆ ఒక్క రోజు కూలీ ఊరంతటికీ మలేరియా పాకకుండా ఆపొచ్చు.

దోమ ద్వారానే మలేరియా వస్తుందని రోనాల్డ్ రాస్ తేల్చింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఇప్పుడు పిల్లల మలేరియా టీకా ఆర్‌టీఎస్‌ఎస్ తయారీ టెక్నాలజీ అందుకుంటున్నదీ హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెకే. సైన్స్ పరంగా చూస్తే మలేరియా గుట్టు విప్పిన నేల ఇది. టెస్ట్ కిట్ ఉంది, మందు ఉంది, తెర ఉంది. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. వానలు పడకముందే అవి చివరి గూడెంలోని చివరి ఇంటికి చేరుతాయా లేదా అన్నదే 2027 టార్గెట్‌ను తేలుస్తుంది.